మా పొడుగువాడి నడుము

మా ఇంటికి డాక్స్‌హుండ్ కుక్కపిల్ల వచ్చిన రోజు నాన్న దాన్ని పైనుంచి కిందికి కాదు, ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. మాది చేనేత చీరల కొట్టు. ఆయనకి ఏది కనిపించినా ముందు కొలతే గుర్తొస్తుంది.

"పొడుగు చూస్తే చీర, ఎత్తు చూస్తే జాకెట్టు ముక్క. ఎవర్రా దీన్ని నేసింది?" అన్నాడు.

గన్నవరంలో ఉండే మా మేనత్త వాళ్ళ కుక్క ఈనితే పుట్టిన పిల్ల అది. "చిన్న కుక్కేరా, ఇంట్లో ఉన్నట్టే తెలీదు" అని చెప్పి మాకు అంటగట్టింది మా అత్త. అంత అబద్ధం ఆవిడ పెళ్ళిచూపుల్లో కూడా ఆడి ఉండదు.

మనిషి చిన్నవాడే. గొంతు మాత్రం లారీ హారన్. గుణదలలో మాది కింద కొట్టు, పైన కాపురం. వాడు పై మెట్టు మీద కూర్చుని, కింద ఎవరైనా బేరం మొదలుపెట్టగానే మొరిగేవాడు. నాన్న మనసు అక్కడే కరిగిపోయింది. ఈ జాతిని బొరియల్లో దూరి జంతువుల్ని పట్టడానికి పెంచారట. మా ఇంట్లో బొరియలు లేవు కాబట్టి బీరువా కింద, దుప్పట్ల మధ్య, మడతపెట్టిన చీరల వెనక దూరేవాడు. పిలిస్తే వచ్చేవాడు కాదు. విన్నాడని మనకి తెలుస్తుంది, మనకి తెలిసిందని వాడికీ తెలుస్తుంది. అయినా రాడు.

వాడు వచ్చేది ఒక్క మా నాయనమ్మ దగ్గరికే. దానికి కారణం భక్తి కాదు, నెయ్యి. ముద్దపప్పూ నెయ్యీ కలిపి, వేళ్ళతో మెదిపి, చంటిపిల్లాడికి పెట్టినట్టు పెట్టేది. వాడి పొట్ట నేలని తుడవడం మొదలుపెట్టాక నేను అడ్డం చెప్పబోతే, "ఊరుకోరా. బక్కచిక్కి తిరిగితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కొట్టు నడవట్లేదనుకోరూ?" అంది. మా వ్యాపారం పరువు కుక్క పొట్ట మీద ఆధారపడి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆవిడకి మా వీధిలో ఇంకో పరువుంది. ఎవరింట్లో పురుడొచ్చినా పసిబిడ్డకి నీళ్ళు పోయడానికి ఆవిడే వెళ్ళాలి. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డని వాటి మీద పడుకోబెట్టుకుని, నువ్వులనూనె రాసి, చేతులూ కాళ్ళూ ఒక్కొక్కటే లాగి, ముక్కు పట్టి సాగదీసి, అప్పుడు వేణ్ణీళ్ళు పోస్తుంది. ఇవాళ మా వీధిలో బైకులు నడిపే కుర్రాళ్ళలో చాలామంది ఆ కాళ్ళ మీద ఏడ్చినవాళ్ళే. నేనూ ఏడ్చాను. నా ముక్కు చూస్తే ఆ రోజు ఆవిడ ఏదో తొందరలో ఉన్నట్టుంది.

ఒకరోజు పొద్దున వాడు మెట్లు దిగలేదు. పై మెట్టు మీద వీపు వంచుకుని నిలబడి సన్నగా వణుకుతున్నాడు. "సమ్మె చేస్తున్నాడు, నెయ్యి పెంచమని" అని చెప్పి నేను షట్టరు తీయడానికి కిందికి వెళ్ళాను.

నాయనమ్మ మాత్రం చూడగానే తేల్చేసింది. "నడుం పట్టేసింది నా తండ్రికి" అంటూ వెనక గదిలో పీట వేసుకుంది, నూనె కాచుకుంది, వాణ్ణి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని పసిబిడ్డకి చేసినట్టే నడుం నొక్కి, వెనక కాళ్ళు పట్టి లాగింది.

నాకు కిందికి అరుపు వినిపించింది. వాడు జన్మలో అరిచిన అరుపులన్నిట్లోకీ అదే చిన్నది. అందుకే పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి వాడు నూనె కారుతూ నేల మీద ఉన్నాడు. నన్ను చూసి రాబోయాడు. ముందు కాళ్ళు వచ్చాయి. వెనక కాళ్ళు రాలేదు. తడిబట్ట ఈడ్చినట్టు అవి వెనకాల వచ్చాయి.

నాన్న గోడకి చేరగిలబడి, "అయిపోయిందిరా. ఇంక లేవడు" అన్నాడు. అమ్మ అక్కడికక్కడే కొండ మీద దుర్గమ్మకి కొబ్బరికాయ, మా గుణదల కొండ మీద మేరీమాతకి కొవ్వొత్తి మొక్కుకుంది. ఏ ఆఫీసు ముందు తెరుస్తారో తెలియనప్పుడు రెండుచోట్లా అర్జీ పెట్టడం మంచిదే. నాయనమ్మ మాత్రం పీట మీంచి లేవలేదు. నూనె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తోంది.

వాణ్ణి చీరల అట్టపెట్టె మీద పడుకోబెట్టి ఆటోలో తీసుకెళ్ళాం. ప్రతి గుంతకీ నాన్న ఆటో డ్రైవర్ని, "బాబూ, మెల్లగా బాబూ" అని బతిమాలుతూనే ఉన్నాడు. పశువైద్యురాలు మా అక్క వయసు మనిషి. వాడి వెనక కాలి వేలు గట్టిగా గిల్లింది. వాడు మెల్లగా తల తిప్పి గుర్రుమన్నాడు.

"కరుస్తాడేమోనండీ" అన్నాను.

"కరిస్తే ఇంకా మంచిదండీ. నొప్పి తెలుస్తోందన్నమాట."

తర్వాత ప్రశ్నలు అడిగింది. మెట్లు ఎక్కి దిగుతాడా? మంచం మీంచి దూకుతాడా? ఈ బరువేంటి? ప్రతి ప్రశ్నకీ నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పొడుగు వీపు, పొట్టి కాళ్ళు, పైన ఈ బరువు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ పక్కకి జరిగి నరాన్ని నొక్కుతోందని చెప్పింది.

"ఎవరైనా లాగడం, పిసకడం చేశారా?"

నాన్న నేలకేసి చూస్తూ, "మా అమ్మ... పిల్లలకి నీళ్ళు పోసే ముందు చేస్తారు చూడండి, అలా" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "ఇంకెప్పుడూ చెయ్యద్దని చెప్పండి" అంది. మందులు రాసింది. చిన్న చోట కట్టడి చేసి ఉంచాలి, నడవకూడదు, దూకకూడదు, తిండి తగ్గించాలి. ఎత్తినప్పుడు ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక భాగం కింద ఒక చెయ్యి, నడుం వంగకూడదు. ఇంకా పాడైతే ఆపరేషనే. కాళ్ళు వస్తాయా అని నాన్న అడిగితే, "వస్తాయనే చూద్దామండీ" అంది. డాక్టర్లు 'చూద్దాం' అన్నప్పుడు మనకి ఏమీ కనిపించదు.

ఇంటికి రాగానే నాయనమ్మ గుమ్మంలోనే అడిగింది. "నేనే విరగ్గొట్టానా?"

"నువ్వు విరగ్గొట్టావా, నెయ్యి విరగ్గొట్టిందా అన్నది ఇంకా తేలలేదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నెయ్యి పెట్టిందీ ఆవిడేనని నాకు నోరు జారాక తట్టింది.

ఆ రోజు నుంచి ఆవిడ వాణ్ణి ముట్టుకోలేదు. సరుకు వచ్చే చెక్కపెట్టె పైభాగం తీసేసి హాల్లో పెట్టి వాణ్ణి అందులో ఉంచాం. ఎత్తే పని నాన్నది. జరీ చీర మడత చెదరకుండా రెండు చేతుల మీద పరిచి చూపించడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అలాగే ఎత్తేవాడు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం, "గోనెసంచి కాదురా అది!" అని అరిచేవాడు. ఉడికించిన క్యారెట్ ముక్కలు పెడితే వాడు వాటిని చూసి, తర్వాత మమ్మల్ని చూసేవాడు. ఆ చూపులో కోర్టు కేసు ఉంది.

పురిటికి వచ్చిన పక్కింటివాళ్ళ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. "మామ్మగారూ, రేపటి నుంచి పాపకి నీళ్ళు పోస్తారా?" అని వాళ్ళమ్మ అడిగితే నాయనమ్మ, "నా చేతులు బాగాలేవమ్మా, ఇంకెవర్నైనా చూసుకోండి" అంది. చేతులకేమైందని ఆవిడ అడిగింది. నాయనమ్మ వాటిని కొంగులో దాచుకుంది. నేనేదో అందామని నోరు తెరిచి, ఆ గుమ్మంలో జరిగింది గుర్తొచ్చి మూసుకున్నాను.

పొద్దున లేవగానే అందరం పెట్టె చుట్టూ చేరేవాళ్ళం. పాలు పొంగిపోతున్నా అమ్మ వచ్చేది. ఆ కాళ్ళు రాత్రి ఎలా ఉన్నాయో అలాగే ఉండేవి. అందరం లేచి వెళ్ళిపోయాక నాయనమ్మ వంటింట్లోంచి, "ఏమన్నా కదిలాయా?" అని అడిగేది. కదల్లేదంటే మళ్ళీ గిన్నెలు తోముకునేది. ఒక మధ్యాహ్నం నేను బిస్కెట్ ప్యాకెట్ చింపుతుంటే వాడి తోక చివర కొట్టుకుంది. అది చెప్పడానికి ఇంట్లో ఉన్న నలుగురం ఒకరి మీద ఒకరు అరుచుకున్నాం. బిస్కెట్ మాత్రం ఎవరూ పెట్టలేదు.

మళ్ళీ చూపించడానికి వెళ్ళేరోజు నాయనమ్మ చీర మార్చుకుని ముందే ఆటోలో కూర్చుంది. డాక్టరు నేల మీద చాప పరిచి వాణ్ణి దించింది. వాడు లేచాడు. వెనక కాళ్ళు కల్లు తాగినట్టు ఒకదానికొకటి తగులుతున్నాయి. మా వైపు రాలేదు. మూల బుట్టలో ఎవరిదో పిల్లి ఉంటే తూలుతూ దాని దగ్గరికి పోయి మొరిగాడు. నాన్న ఏడుస్తూ ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. ఫోన్ తలకిందులుగా ఉంది.

నాయనమ్మ డాక్టర్ని అడిగింది. "నా చేతుల వల్లేనా అమ్మా?"

"చెప్పలేనండి మామ్మగారూ. వణికాడంటే అప్పటికే మొదలైంది. లాగితే ఎక్కువై కూడా ఉండచ్చు."

అబద్ధమాడి ఉంటే బాగుండునని నేను అనుకున్నాను. నాయనమ్మ మాత్రం తల ఊపింది. "నిజం చెప్పావు తల్లీ. మళ్ళీ వస్తుందా?"

"ఈ జాతికి రావచ్చండీ. దూకనివ్వకూడదు."

ఇంటికొచ్చాక ఆవిడ తన పట్టెమంచం విప్పించి గోడకి ఆనించింది. నేల మీద పరుపు వేయించుకుని వాడి పెట్టె పక్కన పడుకుంటోంది. సోఫా కొట్టులోకి పోయింది. మెట్ల దగ్గర గేటు పెట్టాం. ఇప్పుడు ఇల్లంతా కుక్క ఎత్తుకి దిగిపోయింది. వచ్చిన చుట్టాలు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే కాఫీ తాగి వెళ్ళిపోతున్నారు. నాయనమ్మని పొద్దున్నే నేల మీంచి లేపడానికి ఇద్దరం కావాలి.

"మోకాళ్ళు పోతాయమ్మా, మంచం ఎక్కు" అంటాడు నాన్న.

"పోతే పోనీరా. నాకు పోయేవి రెండే, వాడికి నాలుగు" అంటుంది.

అని పడుకుంటుంది గానీ నిద్రపోదు. పెట్టెలో గోళ్ళ చప్పుడైతే తల ఎత్తి చూస్తుంది. చప్పుడు కాకపోతే ఇంకా ముందే ఎత్తుతుంది.