గడ్డి బతికింది, బంతి పోయింది

మా అమ్మమ్మకు కోపం రాలేదంటే ఒంట్లో బాగాలేదని అర్థం. మొక్కలు కొనడానికి వచ్చేవాళ్ళు ఆవిడ ఎదుట "అమ్మా" అనేవాళ్ళు, గేటు దాటాక "పటాసు" అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఆవిడ నర్సరీ అంటే ఇంటి వెనక కొన్ని మళ్ళు, ఒక రేకుల పందిరి, అడుగున చిల్లులు పొడిచిన పాత డబ్బాలు. నారుమడి పక్కన పీట వేసుకుని కూర్చుందంటే మొలకలకు విచారణ మొదలైనట్టే. రెండు బుల్లి ఆకులు చెరోపక్కకి విప్పుకుని లేస్తే పువ్వు మొక్క. సూదిలా ఒక్క ఆకుతో లేస్తే గడ్డి. "రెండాకులవాళ్ళు మనవాళ్ళు, ఒంటాకువాళ్ళు దొంగలు" అనేది. రెండాకుల్లోనూ దొంగలుంటారు గాని, వాళ్ళ పని తర్వాత పట్టేది.

ఆ మళ్ళన్నిటికీ మహారాణి నల్లెరుపు ముద్దబంతి. లేత రంగు పూసిన మొక్కనల్లా పీకేస్తూ, ముదురు పువ్వు గింజే దాచుకుంటూ, ఏళ్ళ తరబడి సాధించిన రంగు అది. పువ్వులు అమ్మేది. నారు అమ్మేది కాదు, గింజ అసలే ఇచ్చేది కాదు. సొంత చెల్లెలు అడిగితే, "నీ చేతిలో పెడితే కలుపు కూడా ఎండిపోతుందే" అని పంపేసింది. ఒక ఏడాది ఉన్న గింజంతా ఒకే మడిలో చల్లింది. చల్లిన కొద్దిరోజులకే నడుము పట్టేసి మంచమెక్కింది.

ఇక తాత. పెళ్ళికి ముందు నుంచీ మొక్కజొన్న చేలల్లో కలుపు మందు కొట్టిన మనిషి. అక్కడ పంటే గడ్డి జాతి, మధ్యలో లేచే వెడల్పాకు మొక్కలు కలుపు. మందు పడితే ఆ ఆకులు మెలికలు తిరిగి చచ్చేవి, మొక్కజొన్న ఠీవిగా నిలబడేది. అందుకని ఆ మందు పంట జోలికి పోదని ఆయన గట్టి నమ్మకం. బంతి మడిలో గడ్డి చూశాడు. పెళ్ళాం నడుము తలుచుకున్నాడు. అటక మీది పాత సీసా దించి, ఈల వేసుకుంటూ మడంతా కొట్టేశాడు.

మర్నాడు అమ్మమ్మ గోడ పట్టుకుని మడి దగ్గరికి వచ్చేసరికి బంతి మొలకలన్నీ మెడలు వంచి, పాముల్లా చుట్టుకుపోయి ఉన్నాయి.

"ఏం కొట్టావయ్యా?"

"కలుపు మందే. నీ నడుము విరిగిపోతోందని..."

"ఏది కలుపు?"

"పంట కానిది."

"మరి పంటేదయ్యా? చూపించు. వేలు పెట్టి చూపించు!"

తాత వేలు చాచాడు. మడిలో పచ్చగా ఉన్నది గడ్డి ఒక్కటే. వేలు మెల్లగా ముడుచుకుంది.

"చేలో ఎప్పుడూ ఇలా కాలేదే," అన్నాడు.

"ఇది నీ మొక్కజొన్న చేనా? నా బంతి నీ కంటికి కలుపులా కనబడిందా? గడ్డికి నీళ్ళు కూడా పెట్టకపోయావా, ఇంకా ఏపుగా పెరిగేది!"

ఆ పూట వంటింట్లో గిన్నెలు దొర్లిన చప్పుడుకి వీధిలో సైకిళ్ళు ఆగాయి. తర్వాత అరుపులు ఆగాయి. తాత అసలు భయపడింది అప్పుడే. అమ్మమ్మ ఖాళీ గింజల సీసా ఒళ్ళో పెట్టుకుని, అందులోకి చూస్తూ కూర్చుంది. ఒక్క గింజ లేదు.

తాత గుమ్మం దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు. "దర్జీ వాళ్ళింట్లో ఉన్నాయేమో."

"ఏవి?"

"ఆ బంతే. పోయినేడు నా చొక్కా కుట్టి కూలి తీసుకోలేదు. నువ్వు నిద్రపోతుంటే గుప్పెడు గింజలు..."

అమ్మమ్మ లేచింది. నడుము నొప్పి ఎటు పోయిందో మరి! "దొంగతనం కూడానా! ఉన్న గింజ చంపావు, చంపక ముందే పంచిపెట్టావు! ఇంట్లో ఉంచుకున్నది మొగుణ్ణా, ఎలుకనా?" అంటూనే చెప్పులేసుకుంది. వీధి పొడవునా తిడుతూ నడిచింది. తాత ఆవిడ వెనక, అందనంత దూరంలో.

దర్జీ కుట్టుమిషను తొక్కడం ఆపి లేచింది. ఆమె మెట్ల మీద రేకు డబ్బాల్లో నల్లెరుపు బంతి. అదే రంగు, చావలేదు. అమ్మమ్మ కళ్ళు తిప్పుకోలేకపోయింది. అందుకని ఇంకా కోపం వచ్చింది.

"ఏమ్మా, పువ్వులు కోయకుండా మొక్క మీదే మాడ్చేస్తావా? ఇదేనా పెంచే..." అని, సగంలో ఆగింది. ఆ ఎండిన తలల్లోనే కదా గింజ.

"తీసుకోండి పెద్దమ్మా, మీవేగా," అంది దర్జీ.

"నావే. నువ్వు చెప్పాలా?" అంటూ అమ్మమ్మ ఎండిన తలలన్నీ తుంచి కొంగున కట్టుకుంది. మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కింది. కొంగు విప్పి, సగం తీసి దర్జీ చేతిలో కుక్కింది.

"వచ్చే ఏడు కూడా వెయ్యి. కొన్ని మా చెల్లెలికీ పంపు, నేనిచ్చానని చెప్పకు," అంది, తాత వైపు గుడ్లురిమి చూస్తూ. "అన్నీ మా ఇంట్లోనే ఉంటే ఎలా? ఈయన ఇంకా బతికే ఉన్నాడు."