దేవుణ్ణి చూద్దామని బల్ల కింద దూరిన రోజు

“ఆ కుండ జోలికి పోయినావంటే బాగుండదు, చెప్తాండా!”

“పిల్లోల్లు ఉత్త గంజి తాగి పండుకుంటాండారు అత్తా. ఈ నెల దేవునికి పిడికెడు ఆపితే ఆయన కొంప మునుగుతాదా?”

“ఆయన పాలు ఆయనకు పోవాల్సిందే. ఆపేదానికి నువ్వెవరు?”

“ఆయన యాడన్నా వచ్చి తింటాడా? నువ్వు చూసినావా?”

ఆ మాటకు మా అవ్వ చేతిలో చేట విసిరికొట్టి వాకిట్లోకి వెళ్లిపోయింది.

నా చిన్నప్పుడు, జమ్మలమడుగు దాటి పెద్దముడియం దిక్కున ఉన్న మా ఊళ్లో, మా అమ్మకూ అవ్వకూ ఈ పోట్లాట ఆ ఏడంతా నడిచింది. మా పేటలో ప్రతి క్రైస్తవుల ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న మట్టికుండ ఉండేది. ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేయాలి. అది దేవునిది. ఆదివారం వాటిని చర్చికి తీసుకెళ్లి, ప్రార్థన చేసే బల్ల ముందున్న పెద్ద గంపలో పోయాలి. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. రాష్ట్రమైతే వచ్చింది గాని వాన రాలేదని మా నాయన అనేవాడు. జొన్న చేను నిలువునా ఎండిపోయాక ఆయన మూటలు మోయడానికి ప్రొద్దుటూరు పత్తి మిల్లుకు పోయాడు. ఇంట్లో మిగిలినవి అడుగూబొడుగూ కొర్రలు. అయినా అవి ఎందుకో పూర్తిగా అయిపోయేవి కావు. అది మా అమ్మ పొదుపే అనుకునేదాన్ని.

అప్పటికి నా దేవుడు కళ్లంలో నులకమంచం మీద కూర్చుని తన భాగం కొలిపించుకునే పెద్ద రైతు లాంటివాడు. భాగం తగ్గితే కళ్లెర్రజేస్తాడు. అందుకే ప్రార్థనలో నేను అందరికంటే గట్టిగా కళ్లు మూసుకునేదాన్ని. భక్తి కాదు, ఆయన కంట పడతానేమోనని భయం.

ఆ రోజు అమ్మ అడిగిన మాట మాత్రం నా బుర్రలో తేలులా పాకింది. ఉదయం ఆరాధనప్పుడు గంప నిండుగా ఉంటుంది. సాయంత్రం పాటలకు వెళ్తే ఖాళీ. అంటే ఆయన మధ్యాహ్నం వచ్చి తింటున్నాడన్నమాట! ఇంత తేలిక సంగతి పెద్దవాళ్లకెందుకు తట్టలేదు? నేను చూసి వచ్చి చెప్తే పోట్లాట ఆగిపోతుంది. ఆ సంబరానికి నాకు నిద్ర కూడా పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే క్రిస్మస్ పావడా తీసి కట్టుకున్నాను. “ఏం పండగని ఇయ్యాల?” అని అమ్మ గదిమింది. జుట్టు నీళ్లతో అణిచి దువ్వుకున్నాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను, ఒకవేళ ఆయన ‘రా పాపా, తిందువు’ అంటే సిద్ధంగా ఉండాలి కదా. ఆరాధన అయి జనం లేచే సందట్లో, నేల దాకా జారే తెల్లగుడ్డ కప్పిన బల్ల కింద దూరాను.

ఎండ ముదిరింది. చెమట కారుతోంది. ఎంతసేపటికో తలుపు కిర్రుమంది. గుడ్డ అంచు కింద సందులోంచి చూశాను. జమ్మలమడుగు ఆసుపత్రిలో దొర కాళ్లకున్నట్టు దేవునికి కూడా బూట్లు ఉంటాయనుకున్నాను. లేవు. పగిలిన మడమలు. ఎడమ కాలికి చిటికెనవేలు లేదు, ఎప్పుడో కోతల్లో కొడవలి తగిలి తెగిపోయింది. అవి మా అవ్వ కాళ్లు.

“పట్టు పెద్దమ్మా, కొంగు బాగా పరుచు,” అంటోంది ఉపదేశి అయ్య భార్య. మా ఊళ్లో వాక్యం చెప్పేది ఆయనే.

“చాల్లేమ్మా. నేను ఏసేది పిడికెడు, మోసుకపోయేది కొంగు నిండా. ఆయనకు యా ముఖం చూపేది?”

“ఆయనకేం ఆకలా? ఇండ్లల్లో కుండలు చూసే గదా అయ్య పంచమనింది. ఇంకో మూడిండ్లకు నేనే పోయి ఇచ్చొచ్చినా.”

“మా ఇంటికి మాత్రం రావద్దు తల్లీ. నా కోడలికి తెలిస్తే నేను తలెత్తుకోలేను.”

ఇక నా వల్ల కాలేదు. “అవ్వా! దేవుని గింజలు ఎత్తుకపోతాండావా!” అని అరుస్తూ, నెత్తిన తెల్లగుడ్డతో సహా బయటికొచ్చాను. ఉపదేశమ్మ ‘ఓ యమ్మా’ అని ఎగిరిపడి, ఆ తర్వాత పడీ పడీ నవ్వింది. మా అవ్వ నవ్వలేదు. చెవి మెలేసింది.

“ఈడ నీకేం పని?”

“దేవుడు తినేది చూద్దామని...”

అవ్వ చెవి వదిలేసింది. “చూసినావు గదా. పద ఇంటికి.”

వీధిలో రాలేదు. కంపల వెనక దారిన, కొంగు పొట్టకు అదుముకుని నడిచింది. నాకు నోరు ఊరుకోదు. “మల్లా మనమే తెచ్చుకునేదానికి పిడికెడు ఎందుకేయాల అవ్వా?” అన్నాను.

“ఊరికే తెచ్చుకుంటే అడుక్కున్నట్టు గదే. మనమూ ఏసినాము అనుకుంటే ముద్ద గొంతు దిగుతాది,” అంది. “మీ అమ్మకు చెప్పినావంటే తోలు ఒలుస్తా.”

కళ్లంలో మంచమేసుకున్న ఆ పెద్ద రైతు నా మనసులోంచి ఆ దారిలోనే లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా నా దేవుడు ఒక్కలా లేడు. పులివెందులకు కోడలిగా పోయిన కొత్తలో సంతలో బేరమాడినట్టు ఆయనతో బేరమాడేదాన్ని. నా తొలిచూలు బిడ్డ అమ్మోరు పోసి పోయినప్పుడు ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు, పాట పాడలేదు, పిడికెడూ వేయలేదు. ఆ ఏడాది మా వీధి ఆడవాళ్లు నా గడప మీద గింజలు పెట్టి, పిలవకుండా వెళ్లిపోయేవాళ్లు. కోపం తగ్గలేదు గాని వండుకుని తిన్నాను. ఆయన ఎలా ఉంటాడో నా మూడో తరగతి చదువుకు అందే సంగతి కాదు. అగ్గిపుల్ల కూడా వృథా చేయనని నన్ను పిసినారి అంటారు, అననీ. పెట్టేటప్పుడు గొప్పలు పోకూడదని, తీసుకునేటప్పుడు తల దించకూడదని ఆ రోజు నాకు అబ్బిన బుద్ధి మాత్రం ఇప్పటికీ పోలేదు.

తోలు పోతే పోయిందని ఆ సాయంత్రమే అమ్మకు అంతా చెప్పేశాను.

ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక మా అమ్మ ఇంట్లోంచి గంప తీసుకుని, అవ్వకు వినబడేలా, “అత్తా, చర్చి కాడికి గింజలకు నేను పోతాండా. ఇంక నువ్వు కంపల్లో నడవాల్సిన పన్లేదు,” అని బయలుదేరింది. నేను వెంట పరిగెత్తాను. తిరిగి వచ్చేటప్పుడు గంప నెత్తిన పెట్టుకుని నడివీధిలో నడిచింది. “ఏందిమే గంపలో?” అని ఎవరో అడిగితే, “కొర్రలు. చర్చిలో ఇచ్చినారు,” అంది గట్టిగా. మా అవ్వ వాకిట్లో నిలబడి చూస్తోంది. మేం దగ్గరికి రాగానే రెండు చేతులూ పైకెత్తి, గంప దించుకుంది.