మల్లయ్య అడిగిన అడ్వాన్స్

2022లో నేను శంషాబాద్‌లో, విమానాశ్రయానికి సిబ్బందిని సమకూర్చే ఒక కాంట్రాక్టు సంస్థలో హెచ్‌ఆర్ పని చూసేదాన్ని. ఉద్యోగాల కోసం అమ్మాయిలు వచ్చేవారు, వాళ్ల వెంట తండ్రులు. ఆ తండ్రులంటే నాకు మహా అనుమానం. కూతురి జీతం తమ ఖాతాలో వేయమని అడిగినవాళ్లను చాలామందిని చూశాను మరి.

ఒకరోజు రావిర్యాల నుంచి స్వప్న వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల, ఇంటర్వ్యూలో చురుగ్గా జవాబులు చెప్పింది. ఆఫర్ లెటర్, అంటే ఉద్యోగం ఇస్తున్నామని రాసిచ్చే కాగితం, చేతిలో పెట్టబోతుంటే వాళ్ల నాన్న మల్లయ్య అడ్డొచ్చాడు.

"జర ఆగు మేడమ్. ఇది జీతమేనా?"

"జీతమే. నెలనెలా అమ్మాయి ఖాతాలో పడుతుంది."

"ముందుగాల అడ్వాన్స్ గిట ఇస్తరా?"

అసలు సంగతి బయటపడిందనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. పిల్ల ఒక్కరోజు పనిచేయకముందే ఈయనకు డబ్బు కావాలి!

"ఒక్క రూపాయి కూడా ఇవ్వం," అన్నాను కటువుగా.

"అడిగినా ఇయ్యరా?"

"ఇవ్వం."

"మరి నడుమల మానేస్తనంటే పోనిస్తరా?"

చేరకముందే మాన్పించే ఆలోచన కూడానా! "నోటీస్ పీరియడ్ ఉంటుంది. నెల ముందు చెబితే చాలు, ఎవరూ ఆపరు."

"బాపూ, ఇగ ఊకో. నౌకరి పోతది," అంది స్వప్న ఏడుపు గొంతుతో.

మల్లయ్య ముఖం మాత్రం తేటపడింది. "అయితే పంపుత."

అడ్వాన్స్ లేదంటే సంతోషమేమిటని అడిగాను.

"నా చిన్నప్పుడు మా బాపు పటేలు తాన ముందే పైసలు తీస్కొని నన్ను జీతం పెట్టిండు మేడమ్. గొడ్లు కాసిన, పెండ తీసిన. అవి తీరకముందే బాపు మల్ల తీస్కునేటోడు. బడికి పోతనంటే, పైసలు కట్టి పో అనేటోడు పటేలు. నా బిడ్డ జీతానికి పోతదంటే నాకు నిద్ర పట్టలే."

నాది కోస్తా. మా ఇంట్లో జీతమంటే ఒకటో తారీఖున నాన్న తెచ్చే మిఠాయి పొట్లం. ఆయనకేమో జీతమంటే, తీసుకున్న అప్పు తీరేదాకా వదలని వెట్టిచాకిరి.

అయినా మల్లయ్య అనుమానం పూర్తిగా తీరలేదు. మానేసే సంగతి రాసిన చోటు కూతురితో మళ్లీ మళ్లీ చదివించుకున్నాకే సంతకం పెట్టనిచ్చాడు.

వద్దనుకున్నప్పుడు వదిలేసి వెళ్లగలిగితేనే అది జీతమని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎవరు చేరడానికొచ్చినా, ఎంత ఇస్తామో చెప్పేముందు ఎలా వెళ్లిపోవచ్చో చెబుతున్నాను.