మూతుల మావయ్య

మా మావయ్య ఏ సంగతీ నోటితో చెప్పడు, మొహంతో చెబుతాడు. ఎలుక గురించి అడిగితే ఎలుక అవుతాడు. గుర్రం గురించి అడిగితే గుర్రమవుతాడు. అడక్కపోయినా అవుతాడు, మా ఇంటి బాధంతా అదే.

ఆయన చేసే పని అలాంటిది. పిల్లలకి పాలిచ్చి పెంచే జంతువుల మొహాల్లో కండరాలని మెదడు ఎలా ఆడిస్తుందో కనిపెట్టడం. ముప్పై ఏళ్లుగా ఒక ప్రయోగశాలలో ఎలుక మూతికెదురుగా కెమెరా పెట్టుకుని, అది మీసం కదిపినప్పుడల్లా మెదడులో ఏ మూల ఉలిక్కిపడిందో రాసుకుంటున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని మూతుల మావయ్య అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. సిగ్గులేకుండా చెబుతున్నాననుకోకండి, సిగ్గుతోనే చెబుతున్నాను.

ఒకసారి బస్సులో పక్క సీటావిడ, పాపం, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది. మావయ్య చెంపలు లోపలికి పీల్చి, ముక్కు కొస టకటకా ఆడించాడు.

"ఇది ఎలుకండీ. ఇప్పుడు ఒంటె చూడండి."

కింది పెదవి ఎడమకీ, పై పెదవి కుడికీ వెళ్లిపోయాయి. ఆవిడ తన స్టాపు రాకుండానే దిగిపోయింది.

"ఏంటి మావయ్యా నీ గోల? పరువు తీస్తున్నావ్!"

"ఒరే అల్లుడూ, ఎలుకకైనా నీకైనా మొహం కదలాలంటే ఆర్డరు ఒక్కచోటి నుంచే రావాలిరా. మెదడు అడుగున, మెడకి కాస్త పైన, చిటికెడు కణాల గుంపుంటుంది. ఎలుక దాన్ని మీసాలు తిప్పడానికి వాడుకుంటోంది, నువ్వు నా మీద మూతి ముడుచుకోవడానికి వాడుకుంటున్నావ్."

ఫొటో స్టూడియోలో "మొహం మామూలుగా పెట్టండి సార్" అంటే, "మామూలంటే ఏ జంతువుదండీ?" అని సీరియస్‌గా అడిగిన మనిషి. ఇలాంటాయన్ని వెంటబెట్టుకుని తిరగడం ఎంత కష్టమో మీరే చెప్పండి. అందుకే నేను ఎప్పుడూ నాలుగడుగులు వెనక నడిచేవాణ్ణి.

ఇక అసలు పాపం. నేను ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. అక్కడ మాకు టై ఎంతో నవ్వూ అంతే, డ్యూటీ దిగేదాకా తియ్యకూడదు. ఒకరోజు హాలు నిండా అతిథులు, నా పక్కన మా మేనేజరు. అద్దాల తలుపు తోసుకుని మావయ్య వచ్చాడు. తిన్నగా నా కౌంటరు ముందు నిలబడి, పెదాలు రెండూ వదులు చేసి, గుర్రంలా "బుర్ర్‌ర్ర్" అన్నాడు. రిజిస్టరు మీద నాలుగు తుంపర్లు పడ్డాయి.

"ఎవరాయన? మీకు తెలుసా?" అన్నాడు మేనేజరు.

"తెలీదు సార్. ఎవరో దారి తప్పి వచ్చినట్టున్నారు."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. మావయ్య విన్నాడు. ఆయన మొహంలో ఏ జంతువూ లేకపోవడం నేను చూసింది అప్పుడే.

"అవునండీ, దారి తప్పాను. ఏమీ అనుకోకండి," అని మేనేజరుకి చెప్పి వెళ్లిపోయాడు. నాకు తలకొట్టేసినంత పనైంది. అయినా వెనక్కి పిలవలేదు. ఇంటికెళ్లి ఫోనూ చెయ్యలేదు. ఏ మొహం పెట్టుకుని చెయ్యను?

నెల తిరక్కుండానే మా అక్కకి మెదడులో రక్తనాళం పూడుకుపోయింది. చెయ్యి తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, మూతి ఎడమ చివర మాత్రం రాలేదు. డాక్టరు "నవ్వండమ్మా" అంటే కుడి సగమే నవ్వేది. అక్క ఒకటో తరగతి టీచరు. ఇరవై రెండేళ్లుగా ఆ చిన్నపిల్లలే ఆవిడ లోకం. "ఈ మొహం చూస్తే పిల్లలు జడుసుకుంటార్రా," అని రాజీనామా రాసేసింది. మేమేమో మర్యాదకి పోయి ఇంట్లో నవ్వడమే మానేశాం. టీవీలో ఎవడైనా కాలు జారి పడితే నేను పరిగెత్తుకెళ్లి ఛానల్ మార్చేవాణ్ణి.

మావయ్యకి నేను కబురు చెయ్యలేదు. చివరికి అక్కే చేసింది. ఇరవయ్యో రోజున, అక్క రాజీనామా కాగితం బడిలో ఇచ్చేద్దామని జేబులో పెట్టుకుని నేను చెప్పులేసుకుంటుంటే మావయ్య గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఆ మూతులొద్దు."

"సరేరా," అని లోపలికెళ్లి అక్క ఎదురుగా కూచున్నాడు. "కనుబొమలెత్తమ్మా." రెండూ లేచాయి. "నవ్వు తల్లీ." సగమే లేచింది.

"చూశావుగా మావయ్యా, ఇంతే ఇక," అంది అక్క.

మావయ్య నా వైపు తిరిగి "ఒరే, ఏమనుకోకేం," అన్నాడు. మెడ నిటారుగా పెట్టాడు. కళ్లు కొయ్యబారిపోయాయి, పళ్లు ముప్పైరెండూ బయటపడ్డాయి, లేని టై సర్దుకున్నాడు. "వెల్‌కమ్ సార్!"

"బాబోయ్! అచ్చం వీడే!" అని అక్క పగలబడి నవ్వింది.

అక్క మూతి ఎడమ చివర పైకి లేచింది! నేను కెవ్వున కేకేశాను. అక్క చెంప తడుముకుంది. "నిజంగానా?" అని కావాలని నవ్వబోయేసరికి అది మళ్లీ జారిపోయింది.

"కంగారు పడకమ్మా," అన్నాడు మావయ్య. "నవ్వాలని మనం అనుకుని నవ్వితే ఆర్డరు మెదడు పైనుంచి ఒక దారిలో వస్తుంది. నీకు దెబ్బతిన్నది ఆ దారి. దానంతటదే వచ్చే నవ్వు లోపల్నుంచి వేరే దారిలో వస్తుంది. అది శుభ్రంగా ఉంది. పాపం, ఇన్నాళ్లూ ఆ దారిన ఎవరూ నడవలేదు, అంతే."

ఎవరూ అన్నాడు గానీ, నన్నే అన్నట్టు చెవులు మండాయి నాకు.

అక్క చాలాసేపు చెంప మీద చెయ్యి తియ్యలేదు. "సోమవారం ఒక్కసారి బడికెళ్లి చూస్తాను. పిల్లలు జడుసుకుంటే ఆ కాగితం అక్కడే ఇచ్చేద్దాం," అంది.

మావయ్యని సాగనంపుతూ, "ఆరోజు హోటల్లో..." అన్నాను.

"ఆరోజా? అద్దంలోంచి చూశాన్రా. ఎప్పట్నుంచి ఆ నవ్వు మోస్తున్నావో గానీ చెంప వణికిపోతోంది. నిజంగా నవ్విస్తే ఆ కండరానికి కాస్త హాయిగా ఉంటుందనుకున్నాను. పక్కన మీ మేనేజరున్నాడని చూసుకోలేదు. తప్పు నాదే."

రెండు తిట్లు తిట్టినా బాగుండేది. ఆ మాటకి నేను సిగ్గుతో చితికిపోయాను.

సోమవారం ముగ్గురం బడికెళ్లాం, నేను హోటల్ డ్యూటీ బట్టల్లోనే. అక్క తలుపు దగ్గరే ఆగిపోయింది. ముందు బెంచీలో ఒక పిల్ల నిలబడి, "టీచర్, మీ మూతికేమైంది?" అని అడిగేసింది.

అక్క లోపలికి అడుగేసింది. "చెబితే వినడం మానేసిందమ్మా. ఎవరైనా నవ్విస్తేనే వింటుంది."

అంతే, ముప్పైమంది పిల్లలూ ఒక్కసారిగా మూతులు తిప్పారు. మావయ్య బెంచీల మధ్య తిరుగుతూ, "పెదవి కాదురా కన్నా, ముక్కు! ముక్కు ఆడించు!" అని దిద్దుతున్నాడు. అంతలో ఆ పిల్లే నా వైపు వేలు చూపించింది. "మరి మీరో?"

తలుపు వైపు ఒకసారి చూసి, టై వదులు చేసుకుని, ఒంటె అవబోయాను. పిల్లల్లో ఒక్కరు నవ్వితే ఒట్టు. "అదేం జంతువండీ?" అని అడిగింది ఆ పిల్ల. మావయ్య తల పట్టుకున్నాడు. అక్క మాత్రం బల్ల మీదికి వాలిపోయి, రెండు చెంపలూ పట్టుకుని, ఆపలేక ఆపలేక నవ్వింది.

తర్వాత కళ్లు తుడుచుకుని సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. "ఇక మీరిద్దరూ బయల్దేరండి. నాకు పాఠం ఉంది," అంది.