రైన్ పడవలో నాలుగో మనిషి

హాస్టల్లో అందరూ దెయ్యం సినిమా చూసి లైటు వేసుకుని పడుకుంటే, ఆ వెలుగుకు నిద్ర పట్టడం లేదు, ఆర్పేయండని పోట్లాడినదాన్ని నేను. దెయ్యాలూ ఆత్మలూ ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట చెప్పలేదు.

మా మేనత్త కరీంనగర్‌లో సోషల్ టీచరు. అమ్మ ఉద్యోగానికి వెళ్తే నన్ను పెంచింది ఆమే. సెలవుల్లో నన్నూ, తన కొడుకునీ ఎలగందుల ఖిల్లా ఎక్కించేది. బయల్దేరేది ముగ్గురం కదా, గుమ్మం దగ్గర ఆగి ఒక గులకరాయి ఏరి సంచిలో వేసేది. ముగ్గురు కలిసి ప్రయాణం కాకూడదట, ఆ రాయి నాలుగో మనిషట. చేరాక దాన్ని అక్కడ దింపి రావాలి. క్లాసులో మూఢనమ్మకాలు వద్దని చెప్పే టీచరమ్మ ఇలా చేస్తుంటే నేను పడీ పడీ నవ్వేదాన్ని.

"నవ్వు బిడ్డా, నవ్వు. రాయేమన్న బరువైతదా?" అనేది.

నేను జర్మనీలోని కొలోన్‌కు వచ్చాక ఆమెకు ఇక్కడి రైన్ నది ఒడ్డు కోటల పిచ్చి పట్టుకుంది. యూట్యూబ్‌లో చూసి, ఏ ఊరి తర్వాత ఏ కోట వస్తుందో నోట్‌బుక్‌లో వరసగా రాసుకుంది. పిల్లి కోట, ఎలుక కోట అని ఎదురెదురు పేర్లు ఉన్నాయని తెలిసి మురిసిపోయింది. నది మధ్యలో ఓడలా నిలబడ్డ తెల్లకోటంటే మరీ ఇష్టం. వీసా వచ్చింది, టికెట్ కొన్నాం, మామిడికాయ పచ్చడి కూడా ప్యాక్ చేసుకుంది. అంతలో లాక్‌డౌన్ వచ్చి విమానాలు ఆగిపోయాయి.

మరుసటేడు రెండో వేవ్‌లో ఆమెకు కరోనా సోకింది. ఆస్పత్రిలో చేరేముందు వీడియో కాల్‌లో, "నా కోసం ఆగకుండ్రి. మీరు పోయి చూసి రాండ్రి. నాకు వీడియో తియ్యి" అంది. ఆ తర్వాత ఆమె మాట వినపడలేదు. ఆక్సిజన్ మీద ఉందని, తెలివి లేదని ఆమె కొడుకు, మా బావ, మెసేజ్‌లు పెట్టేవాడు. వెళ్దామంటే దారి లేదు. ఫోన్ పట్టుకుని నేను పిచ్చిదానిలా తిరుగుతుంటే, ఆమె చెప్పిన పనైనా చేద్దామని మా ఆయన పడవ టికెట్లు బుక్ చేశాడు.

ఆ పొద్దున చెప్పులు వేసుకుంటుంటే గుర్తొచ్చింది. నేను, ఆయన, మా ఏడేళ్ల మైత్రి. ముగ్గురం. బాల్కనీ కుండీలోంచి ఒక తెల్లటి గులకరాయి తీసి, ఎవరికీ చూపించకుండా హ్యాండ్‌బ్యాగ్ లోపలి జేబులో వేశాను. ఆయనకు తెలిస్తే ఏడాది పొడుగునా ఏడిపిస్తాడు.

కోబ్లెంజ్‌లో పడవ ఎక్కాం. కరోనా కదా, అప్పట్లో ఎక్కడ కూర్చున్నా పేరు, ఫోన్ నంబరు, ఎంతమందో చీటీ మీద రాసివ్వాలి. ముగ్గురమని రాసిచ్చాను. మంచి ఎండ, పై డెక్ సగం ఖాళీ. ఒక్కో కోటా వీడియో తీస్తూ అత్తమ్మకు చెబుతున్నట్టే పేర్లు చదివాను. పులిహోర డబ్బా తెరిచి మైత్రి ముందు పెట్టాను.

ఎలుక కోట దాటాక పడవలో పనిచేసే ఒకావిడ వచ్చింది. మీ పెద్దావిడ రెయిలింగ్ దగ్గర మాస్క్ లేకుండా నిలబడ్డారు, రెండుసార్లు చెప్పినా వినడం లేదు, మీరైనా చెప్పండని జర్మన్‌లో అంది. మాతో పెద్దవాళ్లెవరూ లేరన్నాం. ఆ చీర కట్టుకున్నావిడ మీ మనిషి కాదా అంటూ వెనక్కి తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. పడవలో మేం తప్ప మనవాళ్లే లేరు. ఆమె మా చీటీ చూపించింది. నేను వేసిన మూడు కొట్టేసి నాలుగు వేసి ఉంది. మీరు నలుగురూ ఎక్కుతుంటే చూసి నేనే దిద్దానంది.

"విర్ జింట్ డ్రై!" అని, మేం ముగ్గురమేనంటూ మైత్రి మూడు వేళ్లు చూపించింది.

నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. అత్తమ్మ పోయిందనుకున్నాను. తెల్లకోట వచ్చినప్పుడు వీడియో తీయలేదు, రెయిలింగ్ పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. అప్పుడే బావ ఫోన్ చేశాడు. ఎత్తే ధైర్యం లేక ఆయన చేతిలో పెట్టాను.

పోలేదు. కళ్లు తెరిచిందట, చాయ్ అడిగిందట.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక అత్తమ్మ వీడియో కాల్‌లో మాట్లాడింది. సగం మనిషైంది. "ఎవలో పిల్ల, మూతికి పెట్టుకో, పెట్టుకో అని ఊకె సతాయించిందే" అంది. ఆక్సిజన్ మాస్క్ తీసేస్తుంటే నర్సు అని ఉంటుందన్నాడు మా ఆయన. అదే అయ్యుంటుంది. పడవలో ఆవిడ కూడా ఎవరినో చూసి పొరబడి ఉంటుంది. అక్కడిదాకా నాకూ సమాధానాలున్నాయి.

ఫోన్ పెట్టేసే ముందు అత్తమ్మ అడిగింది. "అవునే, ఆ తెల్లరాయి ఆడ్నే దింపినవా, మళ్ల ఇంటికి తెచ్చినవా?"

రాయి సంగతి అప్పటిదాకా మా ఆయనకు కూడా తెలియదు. మర్చిపోయి తెచ్చేశానని చెప్పాను.

"మంచిగైంది. నేనొచ్చినంక దింపుదాం" అంది.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా, ఆ మాట అన్న గుర్తే లేదంటుంది. ఆమెకెలా తెలిసిందో నాకూ ఈనాటికీ అంతుపట్టలేదు. మోకాళ్ల నొప్పులని ప్రయాణం వాయిదా వేస్తూనే ఉంది. రాయి అదే బ్యాగులో, అదే జేబులో ఉంది. ఆమె వచ్చేదాకా దింపను.