ఫరా రాసిన పరీక్ష

తల్లి మంచాన పడ్డ ఏడాది ఆఫియాను ఏడో తరగతిలోనే బడి మాన్పించింది ఆమె తండ్రి సాబిరే. తల్లి కోలుకుంది. ఆఫియా మాత్రం ధరూర్‌లో తండ్రి నడిపే దర్జీ దుకాణంలోనే ఉండిపోయింది. ఇప్పుడామెకు పదహారేళ్లు.

ఇంటినుంచే ఫోనులో పదో తరగతి దాకా చదివించే బడి ఒకటుందని విని, సాబిర్ ఆమెను చేర్పించాడు. పిల్లకు ఎంత వచ్చో చూసి, అక్కడినుంచి ఆ పిల్లకు తగినట్టే పాఠాలు అమర్చుతారట. అందుకు ముందొక పరీక్ష పెడతారు.

కొలతలిచ్చేందుకు మొహమాటపడే ఆడవాళ్లు తమకు సరిపోయిన పాత జాకెట్టును ఆదిగా పంపుతారు. అది ఎవరిదో అడగనిదే సాబిర్ కత్తెర పట్టడు. అలాంటివాడు ఈ పరీక్షను, ఆఫియాకు తెలియకుండా, వనపర్తిలో డిగ్రీ చదివే పెద్దకూతురు ఫరాతో రాయించాడు. చిన్నదానికి ఎంత రాదో తేలితే, రాకుండా చేసినవాడెవడో కూడా తేలుతుందని అతని భయం. ఫరా వద్దంది. చివరికి తండ్రి మాట తీసేయలేక రాసింది.

పాఠాలు తొమ్మిదో తరగతి బీజగణితంతో మొదలయ్యాయి. ఆఫియా నాలుగు రోజులు కళ్లార్పకుండా ఫోను చూసింది. ఐదోనాడు దాన్ని బోర్లించి, గుండీలు కుట్టడానికి కూర్చుంది.

"క్లాసు లేదా బిడ్డా?"

"నాకు తగినట్టే చేసిన్రంట గద అబ్బా. అయినా ఎక్కుతలేదు. నాదే మొద్దు బుర్ర."

సాబిర్ మిషను ఆపాడు. తాను దాచిన సిగ్గు ఎక్కడికీ పోలేదు. బిడ్డ నెత్తిన కూర్చుంది. దాన్ని అలాగే వదిలేయడం ఎంత సులువో కూడా అతనికి ఆ క్షణాన తెలిసింది.

"బడిల చేర్చేముందు పెట్టిన పరీక్ష మీ ఆపా రాసింది. నేనే రాయించిన."

"ఎందుకు?"

"నిన్ను బడి మాన్పించింది నేనే గద. నలుగుర్ల తెలుస్తదని సిగ్గైంది."

ఆఫియా సూది పక్కన పెట్టింది. "సిగ్గు నీది, మొద్దు పేరు నాదా అబ్బా?"

సాబిర్ ఫోను అందుకున్నాడు. జాకెట్లకోసం వచ్చిన రేణుకమ్మ వాకిట్లో నిలబడి వింటుండగానే, ఆ బడి టీచరు సౌందర్యకు ఫోను చేశాడు.

"మేడం, గా పరీక్ష నా చిన్నబిడ్డ రాయలే. తప్పు నాది."

టీచరు కోపగించుకోలేదు, ఈసారి ఆఫియానే రాయమంది. అది అతనికి మరింత కష్టమనిపించింది.

ఆఫియా గంటసేపు రాసింది. నాలుగో తరగతి భాగహారం దగ్గర మొదలుపెట్టాలని తేలింది. ఆమె మొదటి లెక్కను పైకి చదువుకుని, కాగితం మీద గీత గీసింది. తలెత్తలేకపోయినవాడు సాబిరే.