పలుచని మంచు, ఆగని సాంచా

మంగళవారం. బట్టలు ఉతికాను, పిండి రుబ్బాను, అమ్మాయితో ఇంగ్లిషు పాఠం చదివించాను. 'పలుచని మంచు మీద నడవడం' అనే మాట దగ్గర మా నాన్న, బాపు గుర్తొచ్చాడు.

సూరత్‌లో పెరిగిన నా ఈడువాళ్ళారా, గోడలు అదిరే ఆ సాంచాల, అంటే మరమగ్గాల, మోత గుర్తుందా? మీటరు లెక్కన కూలి కాబట్టి, బాపు సాంచా ఆపకుండానే చేయి పెట్టి తెగిన పోగు ముడివేసేవాడు.

చిన్నప్పుడు ఒకరోజు బడిలో విన్నది ఆయనకు చెప్పాను. చలిదేశాల్లో చెరువు గడ్డకడితే దానిమీద జారుతూ ఆడతారట. పొర పలుచగా ఉంటే విరిగి మునుగుతారట. తెలిసీ అపాయంలోకి దిగడానికి అదే పేరయిందట.

"ఎందుకు పోతరు బిడ్డా, కూలి దొరుకుతదా?"

"కాదు బాపూ, ఆటకు."

"ఆటకా? కడుపు నిండినోళ్ళు," అని నవ్వాడు.

"నువ్వు జర సాంచా ఆపి ముడెయ్యి."

"ఆపితే సేఠ్ ఊకుంటడా?"

ఆ వారమే సాంచాలో బాపు మూడు వేళ్ళు పోయాయి. మర్నాడు ఆయన అన్నం డబ్బా తెద్దామని వెళ్ళాను. అదే సాంచా మీద కొత్తాయన, దాన్ని ఆపకుండానే, పోగు ముడివేస్తున్నాడు.